బండి మార్చినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే కాగితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని మోటార్ ఇన్సూరెన్స్ పనులు చూస్తుంటాను. పాత కారు అమ్మి కొత్తది తీసుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి చాలామంది అప్పటికే విసిగిపోయి ఉంటారు. "నిన్న ఒక కాగితం అడిగారండీ, ఇవాళ ఇంకోటి కావాలంటున్నారు" అన్నదే మొదటి మాట. వాళ్లకు రోజూ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈ కాగితాల్లో ఎక్కువ భాగం, పాత బండి తాళం మీ చేతిలో ఉన్నంతసేపూ అడిగిన వెంటనే దొరుకుతాయి. తాళం ఇచ్చేశాక వాటికోసమే నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

బండి అమ్మేస్తే ఇన్సూరెన్స్ కూడా దానితోపాటే పోతుంది కదా, మళ్లీ ఈ కాగితాలన్నీ ఎందుకు?

మీరు పాలసీ అంటున్నది ఒక్కటే అయినా అందులో మూడు సంగతులున్నాయి. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ కవర్. మీ బండికి జరిగే నష్టానికి ఓన్ డ్యామేజ్ కవర్. క్లెయిమ్ లేకుండా నడిపినందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, దాన్నే నో క్లెయిమ్ బోనస్, అంటే ఎన్‌సీబీ అంటారు. బండి అమ్మిన రోజు ఈ మూడూ మూడు దారులు పడతాయి. థర్డ్ పార్టీ కవర్ మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లకు దానంతటదే వెళ్లిపోతుంది. ఓన్ డ్యామేజ్ అలా వెళ్లదు, కొన్నవాళ్లు అడిగి తమ పేరు మీదికి మార్పించుకోవాలి. ఎన్‌సీబీ మాత్రం బండిది కాదు, మీది. అది మీతోనే ఉంటుంది. ఏది ఎప్పుడు ఎవరి చేతికి వెళ్లిందో తేల్చుకోవడానికే కంపెనీలు ఇన్ని కాగితాలు అడుగుతాయి. ఆ అడగడంలో న్యాయం ఉంది. విడతలవారీగా అడగడమే బాధ.

ఎన్‌సీబీ కోసం ఇంత తిరగడం అవసరమా? ఎంత మిగులుతుంది?

క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. ఇది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే వస్తుంది, థర్డ్ పార్టీ మీద రాదు.

కొత్త కారుకి ఓన్ డ్యామేజ్ ప్రీమియం 24 వేలు పడిందనుకుందాం. మీకు 50 శాతం ఉంటే 12 వేలు తగ్గుతుంది, ఆ మేరకు జీఎస్టీ కూడా తగ్గుతుంది. పాత చిన్న కారు మీద సంపాదించుకున్న శాతాన్నే కొత్త పెద్ద కారు మీద వాడుకోవచ్చు కాబట్టి, బండి మార్చే రోజునే దాని విలువ అన్నిటికంటే ఎక్కువ. సరిగ్గా ఆ రోజే చాలామంది హడావుడిలో పడి దాన్ని వదిలేస్తారు. ఐదేళ్లు జాగ్రత్తగా నడిపి తెచ్చుకున్నది ఒక్క ఉత్తరం లేక పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తెచ్చుకోవాలంటే ఏమేం ఇవ్వాలి?

మీ ఎన్‌సీబీ ఎంతో పాత కంపెనీ రాసిచ్చేదే ఈ లెటర్. దానికి మామూలుగా అడిగేవి: పాలసీ కాపీ, సంతకంతో మీ అభ్యర్థన, ఆధార్ లేదా పాన్, బండి అమ్మినట్టు రుజువు. తగాదా అంతా ఆ చివరి దాని దగ్గరే. కొన్ని కంపెనీలు ఫారం 29, ఫారం 30 (బండి అమ్మినట్టు, పేరు మార్చమని రవాణా శాఖకు ఇచ్చే ఫారాలు) కాపీలు చాలంటాయి. కొన్ని డెలివరీ నోట్, అంటే బండి అప్పగించినట్టు ఇద్దరూ రాసుకున్న కాగితం కూడా ఉండాలంటాయి. కొన్ని కొన్నవాళ్ల పేరు మీదికి మారిన ఆర్సీయే తెమ్మంటాయి.

ఇది నా స్వానుభవం కూడా. 2016లో, ఈ పనిలోకి రాకముందు, గుంటూరు రిజిస్ట్రేషన్‌తో ఉన్న నా ఏపీ 07 బండిని తెనాలిలో ఒకాయనకు అమ్మాను. మా పాత కంపెనీ మొదట ఫారం 29 అడిగింది. పంపాను. వారం తర్వాత డెలివరీ నోట్ అడిగింది. తెనాలి వెళ్లి రాయించుకొచ్చాను. ఆ తర్వాత దాని మీద టైము వెయ్యలేదన్నారు. మళ్లీ వెళ్లాను. ఆయన ధాన్యం లోడుతో ఊళ్లో లేడు, సాయంత్రం దాకా ఆయన కొట్టు అరుగు మీద కూర్చున్నాను. షోరూమ్‌లో కొత్త బండి సిద్ధంగా ఉంది, నేనే డెలివరీ 11 రోజులు ఆపుకున్నాను. ఆ మూడూ మొదటి రోజే అడిగి ఉంటే ఒక్క సంతకంతో, పది నిమిషాల్లో అయిపోయేది.

అందుకే ఇప్పుడు నా దగ్గరికొచ్చే వాళ్లందరి చేతా మొదటి మెయిల్ ఇలా పెట్టిస్తాను:

"నా పాలసీ నంబరు ఫలానా, బండి నంబరు ఫలానా. ఈ బండిని ఫలానా తేదీన, ఫలానా సమయానికి అమ్మి అప్పగించాను. నా పేరున ఉన్న ఎన్‌సీబీని నిలిపి ఉంచుతూ లెటర్ ఇవ్వగలరు. పాలసీ కాపీ, ఫారం 29, ఫారం 30, డెలివరీ నోట్, పాన్ కాపీ జతచేశాను. ఇవి కాక ఇంకేమైనా కావాలంటే అన్నీ ఒకేసారి, ఈ మెయిల్‌కి జవాబుగా తెలపగలరు."

ఆ చివరి వాక్యం మరిచిపోవద్దు. ఫోన్‌లో చెప్పినదానికి రుజువుండదు. రేపు నాలుగో కాగితం అడిగితే చూపించడానికి ఈ మెయిలే ఉంటుంది.

లెటర్ వచ్చాక అందులో శాతం, పాలసీ తేదీలు, మీ పేరు, ఈ మూడూ సరిచూసుకోండి. దాన్ని మూడేళ్ల లోపు వాడుకోవచ్చు. బండి అమ్మేసి, కొత్తది వచ్చే సంక్రాంతికి చూద్దాంలే అనుకునేవాళ్లు కూడా లెటర్ ఇప్పుడే తీసుకుని దాచుకోవాలి. బండి అమ్మకుండా పాలసీని మాత్రం రెన్యూ చెయ్యడం మానేస్తే లెక్క వేరు. గడువు తీరిన 90 రోజుల తర్వాత ఎన్‌సీబీ పోతుంది.

డెలివరీ నోట్‌లో ఏం రాయాలి?

తెల్ల కాగితం మీద రాసినా సరే, ఇవి ఉండాలి: బండి నంబరు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, తేదీ, గంట నిమిషాలతో సమయం, అప్పటికి మీటర్ రీడింగ్, ఇద్దరి పూర్తి పేర్లు, అడ్రసులు, సంతకాలు, సాక్షి సంతకం. "ఈ క్షణం నుంచి బండికి సంబంధించిన చలానాలు, ప్రమాదాలు, కేసులు కొన్నవారివే" అన్న వాక్యం కూడా. రెండు కాపీలు రాసి ఒకటి మీరు ఉంచుకోండి. కొన్నాయన ఆధార్ కాపీ మీద ఆయన చేతే సంతకం పెట్టించండి. తాళం ఇచ్చేటప్పుడు మీటర్ కనిపించేలా ఒక ఫొటో కూడా తీసుకోండి.

షోరూమ్‌లో ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చాను. నాలుగు నెలలైనా ఆర్సీ నా పేరు మీదే ఉంది. పాత కంపెనీ మారిన ఆర్సీ కావాలంటోంది. ఏం చెయ్యను?

నా దగ్గరికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. షోరూమ్‌వాళ్లు మీ దగ్గర ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, బండిని బ్రోకరుకి ఇస్తారు. ఆయన ఇంకొకరికి అమ్మేదాకా ఆర్సీ కదలదు. ఎన్‌సీబీ సంగతి పక్కన పెట్టినా ఇది ప్రమాదం. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే చట్టం దృష్టిలో ఆయనే యజమాని, నష్టపరిహారం బాధ్యతా ఆయనదే అని తేల్చింది. రోడ్డు మీద మీ బండి ఎవరు నడుపుతున్నారో మీకు తెలియదు, పేరు మాత్రం మీదే.

2023 ఏప్రిల్ 1 నుంచి దీనికో మార్గం వచ్చింది. పాత బండ్లు కొని అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర అధికారం తీసుకుని ఉంటే, మీ బండి ఆ డీలరుకి అప్పగించినట్టు ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి. అప్పటి నుంచి బండి బాధ్యత ఆ డీలరుదే. కాబట్టి బేరం ముగిసే ముందే "29సీ పెడతారా అండీ?" అని అడగండి. పెడతామంటే దాని కాపీ తీసుకోండి, పాత కంపెనీకి అదే రుజువుగా పంపొచ్చు. పెట్టలేమంటే కనీసం షోరూమ్ లెటర్‌హెడ్ మీద, స్టాంపుతో, సమయంతో సహా డెలివరీ నోట్ తీసుకోండి. ఫారం 29 ఖాళీగా సంతకం పెట్టొద్దు. కొనేవాళ్ల పేరు, తేదీ రాసి ఉన్నదాని మీదే పెట్టండి, పెట్టగానే ఫొటో తీసుకోండి.

ఎక్స్‌ఛేంజ్ బోనస్ నాలుగు వేలు ఎక్కువ వస్తోందని ఈ కాగితాలు అడక్కుండా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. తాళం ఇవ్వకముందు మీరు కస్టమరు. ఇచ్చాక వాళ్ల ఫోన్ లిస్టులో ఒక నంబరు.

కొత్త కంపెనీ "లెటర్ లేనిదే ఎన్‌సీబీ ఇవ్వం" అంటోంది. లెటర్ రావడానికి నెల పడుతుందట.

మోటారు టారిఫ్ నిబంధనల్లో దీనికి దారి ఉంది. లెటర్ చేతిలో లేకపోతే, నా ఎన్‌సీబీ శాతం ఇంత, గడిచిన పాలసీలో క్లెయిమ్ లేదు అని మీరు రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వొచ్చు. దాని మీద కొత్త కంపెనీ ఎన్‌సీబీ ఇచ్చి, 21 రోజుల్లోపు పాత కంపెనీకి రాసి నిజమో కాదో కనుక్కోవాలి. పాత కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. నిబంధనలో ఇది "ఇవ్వవచ్చు" అన్న మాటే, కాబట్టి ఒప్పుకోవడం కొత్త కంపెనీ ఇష్టం. కానీ కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. పై అధికారిని అడిగితే చాలాసార్లు పని జరుగుతుంది.

డిక్లరేషన్‌లో అబద్ధం మాత్రం వద్దు. బంపర్‌కి చేసిన చిన్న క్లెయిమ్‌ని మరిచిపోయి 35 అని రాస్తే, రేపు పెద్ద ప్రమాదంలో నష్టం లెక్కగట్టే సర్వేయరు ఫైలు తిరగేసినప్పుడు అదే మెడకు చుట్టుకుంటుంది. మిగిలిన ఐదారు వేల కోసం లక్షల క్లెయిమ్ చేజారుతుంది. అనుమానముంటే పాత పాలసీలో ఎన్‌సీబీ గడి చూడండి, కంపెనీని క్లెయిమ్ హిస్టరీ అడగండి.

ఆధార్‌లో పేరు ఒకలా, ఆర్సీలో ఇంకోలా ఉంది. కేవైసీ దగ్గరే ఆగిపోయింది.

మన తెలుగువాళ్లకు ఇది ఇంటింటి సమస్య. ఆర్సీలో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు చివర్లో, ఆధార్‌లో మొదట్లో. మనకి ముగ్గురూ ఒకరేనని తెలుసు, కంప్యూటరుకి తెలియదు. 2023 జనవరి 1 నుంచి మోటారుతో సహా అన్ని కొత్త పాలసీలకూ కేవైసీ తప్పనిసరి అయ్యాక ఈ గొడవ ఎక్కువైంది.

కొత్త బండి బుక్ చేసేటప్పుడే ఇన్వాయిస్‌లో పేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా వేయించండి. ఇన్వాయిస్ పేరే ఆర్సీకీ పాలసీకీ వెళుతుంది. పాత పాలసీ పేరు వేరుగా ఉంటే, ఎన్‌సీబీ లెటర్ అడిగేటప్పుడే "ఫలానా పేరు, ఫలానా పేరు ఉన్న వ్యక్తిని నేనే" అని నోటరీ అఫిడవిట్ జతచేస్తే తర్వాత ఆగదు.

అడ్రసు తేడా ఇంకో తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, పాత ఆర్సీల్లో మాత్రం కృష్ణా జిల్లా అనే ఉంది. బాపట్ల, నరసరావుపేట వాళ్ల పాత ఆర్సీల్లో గుంటూరు జిల్లా అని ఉంటుంది. ఊరు, డోరు నంబరు, పిన్‌కోడ్ ఒకటే అయితే, జిల్లా పేరు ప్రభుత్వం మార్చిందని ఒక్క వాక్యం మెయిల్‌లో రాస్తే సరిపోవాలి. సరిపోదంటే ఆ మాటే రాసి పంపమనండి. రాసి పంపమన్నాక పట్టుదల చాలావరకు సడలుతుంది.

నాన్నగారి బండి అమ్మి నా పేరు మీద కొత్తది తీసుకుంటున్నాను. ఆయన ఎన్‌సీబీ నాకు వస్తుందా?

ఆయన బతికి ఉండగా రాదు. భార్యాభర్తల మధ్య కూడా అంతే. పాలసీదారు కాలం చేసి, బండి భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో దక్కితే మాత్రం ఎన్‌సీబీ వాళ్లకు వస్తుంది. మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఇవ్వాలి. పాత బండి అమ్మకుండా ఉంచుకుని రెండోది కొంటే కూడా ఎన్‌సీబీ రెండోదానికి పోదు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పాలసీకి ఇంకా ఎనిమిది నెలలుంది. పేరు మార్చకపోతే ఏమవుతుంది?

కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే ఏమవుతుందో ఉదాహరణ చెప్తాను. కనకదుర్గ వారధి మీద వెనకనుంచి లారీ తగిలి డిక్కీ నొక్కుకుపోయింది. మీరు క్లెయిమ్ పెడితే, పాలసీ మీ పేరు మీద లేదు. అమ్మినాయన పెడదామంటే, బండి ఆయనది కాదు. పాలసీ బతికే ఉన్నా రూపాయి రాదు.

దరఖాస్తుతో పాటు ఆర్సీ, ఫారం 29, 30, అమ్మినాయన సమ్మతి లెటర్, మీ కేవైసీ ఇవ్వాలి. చిన్న ఫీజుతో పాటు, అమ్మినాయన అనుభవించిన ఎన్‌సీబీలో మిగిలిన నెలల వాటా కట్టాలి. ఎందుకు కట్టాలి అని చాలామంది గొడవపడతారు. ఆ తగ్గింపు ఆయన నడిపినందుకు వచ్చింది కాబట్టి కట్టాల్సిందే.

విజయవాడలో పాత బండి కొనేవాళ్లకు ఇంకో మాట. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు నీళ్లలో నానాయి. శుభ్రంగా కడిగి, సీటు కవర్లు మార్చాక కంటికి కనిపించదు. అమ్మేవాళ్ల దగ్గర 2024 నాటి పాలసీ, 2025లో రెన్యూ చేసిన పాలసీ రెండూ అడగండి. 2025 పాలసీలో ఎన్‌సీబీ సున్నా అని ఉంటే అంతకుముందు ఏడాది క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. ఏం క్లెయిమో అడగండి, జవాబు నసిగితే మెకానిక్‌ని తీసుకెళ్లి సీటు కింద పట్టాలు, వైరింగ్ కనెక్టర్లు విప్పించి చూడండి.

హైదరాబాద్ నుంచి బండి కొని గుంటూరు తెచ్చుకున్నాను.

అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. నంబరు రాగానే పాలసీలో మార్పించండి. ఓన్ డ్యామేజ్ రేట్లకు హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాలు జోన్ ఎ, విజయవాడ, గుంటూరు జోన్ బి. జోన్ బిలో రేటు కాస్త తక్కువ, రెన్యువల్‌లో అది వేశారో లేదో చూసుకోండి.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలా? తీసుకుంటే ఏం చూడాలి?

తప్పనిసరి కాదు, బయట తీసుకోవచ్చు. ఎక్కడ తీసుకున్నా రెండు చోట్ల ఆగి చూడండి. ఒకటి, 15 లక్షల యజమాని-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్. మీకు ఇంకో బండి మీద అది ఉన్నా, విడిగా అంత మొత్తానికి పాలసీ ఉన్నా మళ్లీ కొనక్కర్లేదు. డిక్లరేషన్ ఇస్తే తీసేస్తారు. రెండు, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మీద బండి బయటికొచ్చినప్పుడు పాలసీలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు. పర్మనెంట్ నంబరు వచ్చాక ఆర్సీ కాపీ మెయిల్ చేసి ఎక్కించుకోండి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీద చెక్కినవాటితో ఒక్కో అంకె పెట్టి చూడండి.

పాత బండి లోన్ తీరింది, పాలసీలో మాత్రం ఇంకా బ్యాంకు పేరుంది.

బ్యాంకు ఎన్వోసీ, ఫారం 35 (లోన్ తీరిందని ఆర్టీఏకి ఇచ్చే ఫారం)తో ముందు ఆర్సీలో తీయించండి, తర్వాత అదే కాపీతో పాలసీలో. బ్యాంకు పేరుండగా బండి బేరానికి పెట్టొద్దు.

పాలసీ మధ్యలో రద్దు చేస్తే డబ్బు తిరిగొస్తుందా?

క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజుల లెక్కన వస్తుంది, కానీ థర్డ్ పార్టీ భాగం రద్దు చెయ్యాలంటే బండికి వేరే కవర్ ఉన్నట్టు చూపించాలి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. రెండేళ్లకే అమ్ముతుంటే మిగిలిన ఏడాది కొన్నవాళ్లకు పోతుంది, కాబట్టి దాని విలువ బేరంలోనే రాబట్టుకోవాలి.

కాగితాలన్నీ ఇచ్చినా ఇంకా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఎవరికి చెప్పుకోవాలి?

ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి. పంపిన కాగితాల జాబితా తేదీలతో పెట్టండి. కోపం రాయకండి, తేదీలు రాయండి. రెండు వారాల్లో తేలకపోతే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు పెట్టండి. కంపెనీ కాదన్నా, నెల రోజుల్లో జవాబివ్వకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆఫీసు పరిధిలోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు.

క్లెయిమ్ దగ్గర మీ చేతిలో ఇంకో ఆధారం ఉంది. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం కావలసిన పత్రాలన్నీ పాలసీ ఇచ్చేటప్పుడే అడగాలి, పత్రాలు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. ఈ మాట మెయిల్‌లో రాస్తే అవతలివాళ్ల ధోరణి మారడం నేను చాలాసార్లు చూశాను.

బండి అమ్మాక ఈ కాపీలన్నీ ఎన్నాళ్లు దాచాలి?

ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే కొన్నవాళ్ల పేరు వచ్చేదాకా వారానికోసారి చూస్తూ ఉండండి. వచ్చిన రోజు స్క్రీన్‌షాట్ తీసి డెలివరీ నోట్‌తో కలిపి ఉంచండి. ఎన్‌సీబీ లెటర్ మూడేళ్లు. ఫారం 29 కాపీ, డెలివరీ నోట్ మాత్రం నేనైతే పారెయ్యను. తెనాలిలో అమ్మిన నా బండివి ఇంకా బీరువాలోనే ఉన్నాయి.